పోటీలు ముగిశాక తాళంచెవి ఎవరి దగ్గర? పెద్ద క్రీడల పేరుతో మనం ఏం అడగాలి, ఏం వద్దనాలి

మొన్న ఆదివారం మా వీధి కుర్రాళ్ళు ముగ్గురు ఒక కాగితం పట్టుకుని వచ్చారు. ఒడిశాలోని బరంపురంలో ముప్పై ఏళ్ళు పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఆటల సంగతి ఏదైనా ముందు మా అరుగు మీదికే వస్తుంది. అది మా గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం వెళ్ళి కలెక్టరేట్‌లో ఇవ్వాల్సిన వినతిపత్రం. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కి ఖాయమయ్యాయి. 2036 ఒలింపిక్స్ కోసం కూడా మన దేశం అడుగుతోంది. ఇక పదేళ్ళు ఆటల మీద డబ్బు పారుతుంది, అందులోంచి మన జిల్లాకీ ఒక పిల్లకాలువ తవ్వుకుందాం అని వాళ్ళ ఆలోచన. ఆలోచనలో తప్పేమీ లేదు. మొదటి వాక్యం మాత్రం ఇలా ఉంది: "యాభై వేల మంది కూర్చునే అంతర్జాతీయ స్టేడియం మంజూరు చేయవలసిందిగా..."

"బాగుంది రా. వానాకాలంలో దాని గడ్డి ఎవరు కోస్తారు?" అన్నాను.

"అది గవర్నమెంటు చూసుకుంటుంది మాస్టారూ."

చాలా దేశాలు సరిగ్గా ఈ మాట దగ్గరే బోల్తా పడ్డాయి. ఆ సాయంత్రం టీ మీద టీ తాగుతూ, ఏది అడిగితే చివరికి ఏం మిగులుతుంది అని ఒక్కొక్కటే బేరీజు వేశాం. అదే ఇక్కడ రాస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు వాళ్ళకీ, అటు మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్షా, ధర్మాబాద్ వైపు మనవాళ్ళకీ పనికొస్తుందనుకుంటాను. సొంత రాజధానికి దూరంగా, పక్క రాష్ట్రానికి దగ్గరగా బతికేవాళ్ళ ఇబ్బందులు ఎక్కడైనా ఇంచుమించు ఒకలాగే ఉంటాయి.

మంగళవారం పొద్దున్న ఐదున్నర

ఏ క్రీడా కట్టడాన్నయినా నేను కొలిచేది ఒక్క వేళతోనే. పోటీలు అయిపోయిన మూడో ఏడు, ఒక మామూలు మంగళవారం, పొద్దున్న ఐదున్నర. ఆ వేళకి గేటు తీసి ఉందా? లోపల పిల్లలున్నారా? వాళ్ళకి నేర్పే మనిషికి పోయిన నెల జీతం అందిందా? ప్రారంభోత్సవం నాడు ఎంతమంది వచ్చారన్నది నాకు అక్కర్లేదు.

మాకు దగ్గర్లోనే ఒక చోట ఇండోర్ హాలు కట్టారు. పేరు చెప్పను. చెక్క ఫ్లోరింగు, నాలుగు బ్యాడ్మింటన్ కోర్టులు, పైన వరసగా లైట్లు. ప్రారంభం రోజు నేనూ వెళ్ళి చప్పట్లు కొట్టాను. మూడు నెలల తర్వాత ఇద్దరు ఆడపిల్లలని తీసుకెళ్తే తాళం వేసి ఉంది. తాళం ఉన్నాయన వేరే ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం అయిదు దాటితే ఇంటికి వెళ్ళిపోతాడు. పిల్లలు బడి విడిచి వచ్చేది అయిదుకి. కిటికీ అద్దంలోంచి చూస్తే ఒక కోర్టు మీద పెళ్ళి కుర్చీలు దొంతర పెట్టి ఉన్నాయి. కుర్చీల కాళ్ళు గీసుకుపోయి చెక్క మీద తెల్లటి చారలు. ఆ చారలు ఇప్పటికీ నా కళ్ళలో ఉన్నాయి. ఎవరో దొంగతనం చేశారా, డబ్బు తినేశారా అంటే అదేం లేదు. తాళంచెవి సంగతి ఎవరూ ముందు ఆలోచించలేదు, అంతే.

అందుకే కుర్రాళ్ళతో అన్నాను: సీట్ల లెక్క కొట్టేయండి, తాళం లెక్క రాయండి.

పెద్ద స్టేడియం

ఇది అందరికీ ముందు గుర్తొస్తుంది. ఫొటోలో బాగా పడుతుంది, శిలాఫలకానికి గోడ కూడా దొరుకుతుంది. కానీ లెక్క చూడండి. కెనడాలో మాంట్రియల్ 1976 ఒలింపిక్స్‌కి కట్టిన స్టేడియం అప్పు తీరేసరికి 2006 వచ్చింది. పోటీల ఏడాది పుట్టిన పిల్లలు ముప్పై ఏళ్ళవాళ్ళయ్యేదాకా ఆ ఊరు వాయిదాలు కడుతూనే ఉంది. 2004లో ఏథెన్స్ బేస్‌బాల్‌కీ సాఫ్ట్‌బాల్‌కీ మైదానాలు కట్టింది. గ్రీసులో ఆ ఆటలు ఆడేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోటీలయ్యాక అక్కడ మొలిచినవి పిచ్చిమొక్కలే. 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి బ్రెజిల్ వాళ్ళు అమెజాన్ అడవి మధ్య మనౌస్‌లో దాదాపు 44 వేల సీట్ల స్టేడియం లేపారు. ఆ కప్పులో అక్కడ జరిగినవి నాలుగు మ్యాచ్‌లు. ఆ ఊరికి అప్పుడు పెద్ద లీగ్‌లో ఆడే జట్టే లేదు.

లండన్ వాళ్ళు ముందే ఆలోచించి కట్టారంటారు. ఈత కొలను దగ్గర అది నిజం. 2012లో రెక్కల్లాగా ఇటూ అటూ తాత్కాలిక గ్యాలరీలు తగిలించి 17,500 సీట్లు చేశారు. పోటీలవగానే ఆ రెక్కలు విప్పేసి సుమారు 2,500కి తగ్గించారు. ఇప్పుడు మామూలు జనం టికెట్ కొనుక్కుని అక్కడ ఈదుతున్నారు. అదే ఊరు మెయిన్ స్టేడియం దగ్గర తడబడింది. తర్వాత ఎవరు వాడతారన్నది తేలకముందే కట్టారు. చివరికి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇవ్వాల్సి వచ్చి, దానికి తగ్గట్టు మార్చడానికే 30 కోట్ల పౌండ్లకు పైగా పోశారు. ఒకే ఊరు, ఒకే పోటీలు, రెండు రకాల ఫలితాలు. ఒకదాని వాడకందారు ముందే తెలుసు, రెండోదానికి తెలియదు.

మరి భువనేశ్వర్ కళింగ స్టేడియం మాటేమిటి అని కుర్రాళ్ళు అడిగారు. మంచి ప్రశ్నే. అది బతికే ఉంది. 2017లో ఆసియా అథ్లెటిక్స్ రాంచీ నుంచి చివరి నిమిషంలో అక్కడికి వస్తే సుమారు మూడు నెలల్లో సిద్ధం చేసి నడిపించారు. 2018 హాకీ ప్రపంచ కప్ అక్కడే జరిగింది, 2023ది అక్కడా రూర్కెలాలోనూ జరిగింది. 2022లో అమ్మాయిల అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లూ జరిగాయి. కానీ ఆ ప్రాంగణంలో హాకీ, అథ్లెటిక్స్, వెయిట్‌లిఫ్టింగ్ శిక్షణ కేంద్రాలున్నాయి, హాస్టళ్ళున్నాయి. ఏ కప్పూ లేని నెలలో కూడా అక్కడ పొద్దున్నే విజిల్ వినపడుతుంది. అక్కడ స్టేడియం ఉన్నది రోజువారీ శిక్షణకి. కప్పు దాని దగ్గరికి చుట్టంలా వచ్చి వెళ్ళింది. మనం అడుగుతున్నదేమో చుట్టం కోసం ఇల్లు కట్టమని.

అహ్మదాబాద్‌లో 1,32,000 మంది పట్టే క్రికెట్ స్టేడియం ఇప్పటికే ఉంది. జాతీయ స్థాయిలో కొత్తగా మరో మహా కట్టడం ఎక్కడ అవసరమో పెద్దలు తేల్చుకుంటారు. గంజాం జిల్లాకి మాత్రం నా మటుకు నేను వద్దనే అంటాను.

పందిరి వేసి విప్పేయడం

దీనికి పారిస్ దాకా వెళ్ళక్కర్లేదు. రెండేళ్ళకోసారి మా ఊళ్ళో బుధి ఠాకురాణి యాత్ర చూడండి. అమ్మవారు గుడి వదిలి దేశీబెహరా సాహిలోని పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఆ నెల కోసం వేసే తాత్కాలిక మందిరం. మన తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్ళే ఆ పనులకు పెద్దలు. దాదాపు నెల రోజులు ఊరంతా జనం, దీపాలు, పులి వేషాలు. తర్వాత ఆడపడుచుని సాగనంపినట్టు అమ్మవారిని పంపేసి అన్నీ విప్పేస్తారు. వీధి మళ్ళీ వీధే. మళ్ళీ వంతు వచ్చేదాకా మిగిలేది ఏమిటంటే, ఆ పందిరి ఎలా వెయ్యాలో తెలిసిన చేతులు, ఎవరి బాధ్యత ఏమిటో తెలిసిన కుటుంబాలు.

2024లో పారిస్ చేసింది కూడా ఈ పనే. 95 శాతం వేదికలు ఉన్నవో, పందిరిలా వేసి తీసేసినవో. ఈఫిల్ టవర్ కింద బీచ్ వాలీబాల్, 1900లో కట్టిన గ్రాండ్ పాలేలో కత్తిసాము. కొత్తగా నికరంగా కట్టిన కొద్దిపాటి క్రీడా కట్టడాల్లో సెయింట్ డెనిస్‌లోని ఈత కేంద్రం ఒకటి. దాన్ని కావాలనే ఈత కొలనులు తక్కువగా ఉన్న పేద పేటలో పెట్టారు. సీన్ నది శుభ్రం చేసే పని ఒకటి ఎత్తుకున్నారు. పోటీల సమయంలో నీళ్ళు బాగాలేవని నానా మాటలు పడ్డారు. కానీ 2025 జులైలో ఆ నదిలో మామూలు జనం దిగి ఈదారు. పతకాల పట్టిక మర్చిపోయినవాళ్ళు కూడా వేసవిలో నదికి వెళ్తారు కదా.

పందిరి పద్ధతికీ లోపాలున్నాయి. విప్పిన సామాను ఎక్కడికి వెళ్తుందో రాసి పెట్టకపోతే అది కూడా మాటలకే మిగులుతుంది. 2016లో రియోలో హ్యాండ్‌బాల్ హాలుని విప్పి నాలుగు బడులు కడతామన్నారు. బడులు లేచాయి గానీ ఏళ్ళకేళ్ళు ఆలస్యంగా. ఇక పొదుపుకీ ఒక వెల ఉంది. 2026 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలని ఉన్న నాలుగు వేదికలకీ పది ఆటలకీ కుదించారు. ఖర్చు తగ్గింది, కానీ హాకీ, బ్యాడ్మింటన్, కుస్తీ, షూటింగ్ ఎగిరిపోయాయి. మనకి పతకాలు వచ్చే ఆటలు సరిగ్గా అవే. వెయిట్‌లిఫ్టింగ్ మిగిలింది, మా ఊరికి అదొక్కటే ఊరట.

ఊరూరా చిన్న మైదానాలు

ఒడిశాలో దీనికి పెద్ద ఉదాహరణ సుందర్‌గఢ్. ఆ జిల్లాలో 17 బ్లాకులుంటే ఒక్కో బ్లాకుకీ ఒక్కో హాకీ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి మైదానం, అన్నారు. 2023 ప్రపంచ కప్‌కి రూర్కెలాలో ఇరవై వేల సీట్ల బిర్సా ముండా స్టేడియం కట్టారు. ఆ తర్వాత అక్కడ ప్రో లీగ్ మ్యాచ్‌లు జరిగాయి, మళ్ళీ మొదలైన హాకీ ఇండియా లీగ్ పురుషుల ఫైనల్ కూడా 2025లో అక్కడే జరిగింది. చిన్న ఊళ్ళో పెద్ద స్టేడియం నిలబడటానికి కారణం ఉంది. అక్కడి పల్లెల్లో మేకపోతు బహుమతిగా పెట్టి హాకీ టోర్నమెంట్లు ఆడటం ఎప్పటినుంచో ఉంది. గెలిచిన జట్టు మేకని తోలుకెళ్ళి ఊరంతా పండగ చేసుకుంటుంది. భారత హాకీ జట్టు మాజీ కెప్టెన్ దిలీప్ టిర్కీ పుట్టిన సౌనామరా నుంచే మరో భారత ఆటగాడు అమిత్ రోహిదాస్ కూడా వచ్చాడు. ఒక్క పల్లె!

మరి "సుందర్‌గఢ్‌కి ఇచ్చారు, మాకూ టర్ఫ్ ఇవ్వండి" అని గంజాం వాళ్ళం అడిగితే? నాకు నవ్వొస్తుంది. హాకీ టర్ఫ్‌కి ప్రతి ఆటకి ముందూ వేల లీటర్ల నీళ్ళు కొట్టాలి. పంపు పాడైతే బాగుచేసేవాడు కావాలి. పదేళ్ళకి అటూ ఇటూగా మొత్తం మార్చాలి, అది కోట్ల మాట. వేసవిలో రెండు బిందెల కోసం కొట్లాడుకునే వార్డులో, హాకీ కర్ర పట్టనివాళ్ళ మధ్య టర్ఫ్ పరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మన పిల్లలు ఏం ఆడుతున్నారో ముందు చూడాలి. ఇక్కడ కబడ్డీ ఉంది, వాలీబాల్ ఉంది, బరువులెత్తడం ఉంది. పర్లాకిమిడి వైపు పరుగు పందెం పిల్లలు మట్టిరోడ్డు మీదే పరిగెడతారు. వాళ్ళకి కావలసింది కంకర లేని నాలుగు వందల మీటర్ల చుట్టు, రెండు లైట్లు, ఒక కుళాయి, ఆడపిల్లలకి గడియ ఉన్న మరుగుదొడ్డి. ఆ చివరిది లేక ఆట మానేసిన పిల్లలని నేను పేరు పేరునా చెప్పగలను.

హాస్టలు, కోచ్

నా ఓటు దీనికే. పక్షపాతం ఉందనుకోండి, నేనూ ఆ పనిలోనే బతికినవాణ్ణి.

రూర్కెలా పక్కన పాన్‌పోష్‌లో స్పోర్ట్స్ హాస్టల్ 1980ల్లో మొదలైంది. ఒడిశాలో ప్రపంచ కప్ ఊసే లేదు అప్పుడు. అక్కడినుంచి ఎందరో భారత జట్టుకి ఆడారు. 2018లో ఒడిశా ప్రభుత్వం జాతీయ హాకీ జట్లకి స్పాన్సర్ అయింది, అదే ఏడు ప్రపంచ కప్ జరిగింది. ఆ వరస ఒకసారి గమనించండి. ముందు మేకపోతు పందేలు, తర్వాత హాస్టలు, తర్వాత ఆటగాళ్ళు, తర్వాత స్పాన్సర్‌షిప్, అన్నిటికన్నా చివర స్టేడియం. 2018లో మన జట్టు క్వార్టర్ ఫైనల్లో ఇంటికెళ్ళింది, 2023లో అక్కడిదాకా కూడా రాలేదు. అయినా టోక్యోలో 41 ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం వచ్చింది, పారిస్‌లో ఇంకోటి వచ్చింది. కప్పు ఓడిపోయినా కింద నడిచే పని ఆగలేదు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారినా స్పాన్సర్‌షిప్ ఆగలేదు. ప్రభుత్వం మారితే నిలుస్తుందా అన్నది దేనికైనా మంచి పరీక్ష.

హైదరాబాద్ చూద్దాం. 2002 డిసెంబరులో జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలి స్టేడియం కట్టారు. మరుసటి ఏడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ మిలిటరీ క్రీడలు అక్కడే. తర్వాత చాలాకాలం ఆ ప్రాంగణంలో ఆటల కన్నా వేరే సందడే ఎక్కువ. 2020లో అక్కడి పెద్ద టవర్ కోవిడ్ ఆసుపత్రి అయింది. అదే చుట్టుపక్కల అయిదెకరాల్లో, ఇల్లు తాకట్టు పెట్టి మరీ గోపీచంద్ 2008లో బ్యాడ్మింటన్ అకాడమీ తెరిచాడు. 2012 ఒలింపిక్స్‌లో సైనా కంచు, 2016లో సింధు వెండి. స్టేడియం దండగ, అకాడమీ పండగ అని తేల్చేద్దామనిపిస్తుంది. కానీ టోక్యోకి ముందు సింధు సాధన చేసింది ఆ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే. అంటే గోడల్లో తప్పేమీ లేదు. పొద్దున్నే వచ్చి తలుపు తీసే కోచ్ ఉన్న రోజున ఆ గోడలూ పతకం తెచ్చాయి.

ఇక మా ఊరి సంగతి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ఖర్చు మీద మరుసటి ఏడు, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టు వచ్చింది. ఆ గొడవంతా అందరికీ గుర్తే. ఆ క్రీడల్లో మన దేశానికి వచ్చిన 38 బంగారు పతకాల్లో ఒకటి బరంపురం కుర్రాడిది. కె. రవికుమార్, 69 కిలోల విభాగం, మొత్తం 321 కిలోలు ఎత్తాడు. ఆ బంగారం వెనక ఉన్నవి మా ఊరి వ్యాయామశాలలు. బరువులెత్తే చోటికి ఏం కావాలో చూడండి. నాలుగు మీటర్ల చదరం చెక్క వేదిక. మగపిల్లలకి 20 కిలోల రాడ్డు, ఆడపిల్లలకి 15 కిలోలది. రబ్బరు బిళ్ళలు, సుద్దపొడి డబ్బా, గాలి ఆడే గది. అరచేతుల్లో కాయలు చూసి "ఈ రోజు వద్దులే నాన్నా, రేపు ఎత్తుదువు గాని" అని చెప్పగలిగిన ఒక మనిషి. వీటన్నిటిలో కొనడానికి దొరకనిది ఆ మనిషే. తిండి సంగతి కూడా మర్చిపోవద్దు. నేత కుటుంబంలోనో ఆటో నడిపే ఇంట్లోనో పిల్లాడికి రోజుకి నాలుగు గుడ్లు, లీటరు పాలు ఇవ్వడం ఎంత భారమో నాకు తెలుసు. హాస్టల్లో అయితే అది పద్దులో ఉంటుంది, అమ్మ తన వాటా తగ్గించుకోవాల్సిన పని ఉండదు.

రోడ్లు, రైళ్ళు

ఇవి నిజంగానే మిగులుతాయి. టోక్యోలో 1964 ఒలింపిక్స్‌కి తొమ్మిది రోజుల ముందు బుల్లెట్ రైలు మొదలైంది, ఇప్పటికీ పరుగెడుతోంది. మైదానాలు పాడుపడిన ఏథెన్స్‌కి కూడా మెట్రో, విమానాశ్రయం మిగిలాయి. రూర్కెలాకి 2023 జనవరిలో, ప్రపంచ కప్‌కి వారం ముందు, మామూలు విమానాలు వచ్చాయి. గడువు ఉంటే పని కదులుతుంది, అదీ దీని లాభం. ఒక్కోసారి గడువే జారిపోతుంది. ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ మెట్రో 2010 క్రీడలకని మొదలెడితే 2011 ఫిబ్రవరికి గానీ తెరవలేదు. అయినా ఇవాళ అందరూ ఎక్కుతున్నారు. కాకపోతే ఇవి పోటీలు జరిగే ఊరికి దక్కేవి. అహ్మదాబాద్‌లో క్రీడలు జరిగితే గుణుపురానికి రోడ్డు రాదు. కాబట్టి మన కాగితంలో దీని మీద సిరా ఖర్చు పెట్టొద్దు.

మాన్యం రాసి పెట్టడం

పూర్వం గుడి కట్టినవాళ్ళు గోపురంతో ఆగేవారు కాదు. ధూపదీప నైవేద్యాలకని మాన్యం రాసేవారు. ఆ పొలం మీద వచ్చే ధాన్యంతోనే రోజూ దీపం వెలిగేది. క్రీడల్లో అలాంటి మాన్యం రాసిన ఊరు లాస్ ఏంజెలెస్. 1984లో వాళ్ళు 1923లో కట్టిన పాత కొలిజియంనే వాడుకున్నారు, కొత్త కట్టడాలు బాగా తగ్గించుకున్నారు. 23 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది. అందులో 40 శాతం ఆ ప్రాంతం పిల్లల ఆటల కోసం ఒక ఫౌండేషన్‌కి వెళ్ళింది. 2028లో ఒలింపిక్స్ మళ్ళీ ఆ ఊరికే వస్తున్నాయి, ఆ ఫౌండేషన్ ఇంకా పనిచేస్తూనే ఉంది. కెనడా వాంకూవర్ 2010 శీతాకాల క్రీడలకి ముందే ఇలా నిధి ఒకటి పక్కన పెట్టుకుంది.

మన దగ్గర ఇలాంటి పోటీల్లో డబ్బు మిగలడం కల్ల. అందుకని మిగిలితే ఇస్తాం అనే మాట మీద ఆధారపడొద్దు. కట్టే ఖర్చులోనే రూపాయికి పది పైసలు ముందే డిపాజిట్ చేయమనాలి. అసలు ముట్టకుండా వడ్డీతో కోచ్ జీతం, కరెంటు బిల్లు నడవాలి. "అంత పెద్ద మాట మనం చెప్తే వింటారా మాస్టారూ?" అన్నాడు ఒకడు. వినకపోవచ్చు. కానీ కాగితం మీద ఉంటే ఎప్పుడైనా ఎవరైనా "ఇది ఎందుకు కాలేదు" అని అడగడానికి ఒక కొక్కెం ఉంటుంది.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

పెద్ద లీగ్ జట్టు ఉన్న నగరమైతే, ఉన్న స్టేడియాన్ని బాగుచేసుకుని, మిగతాది పందిరి వేసి విప్పేయడం మేలు. ఒక ఆట నెత్తురులో ఉన్న జిల్లా అయితే, సుందర్‌గఢ్ లాగా, ఆ ఆటకే మైదానాలు, హాస్టలు కలిపి అడగాలి. ఒకటి లేకుండా రెండోది అడగొద్దు. బరంపురం లాంటి ఊరికి కొత్త కట్టడం దాదాపు అక్కర్లేదు. ఉన్న వ్యాయామశాలలకి సామాను, ఇద్దరు పర్మనెంట్ కోచ్‌లు, యాభై మంది పిల్లలకి హాస్టలు చాలు. పర్లాకిమిడి, గుణుపురం, మల్కాన్‌గిరి లాంటి చోట్ల హాస్టలుకి కూడా తొందర లేదు. అక్కడ ముందు బడుల్లో పీఈటీ పోస్టులు నింపమనాలి. పిల్లాడిలో ఉన్నది మొదట కనిపెట్టేవాడు పీఈటీనే. ఆ పోస్టు ఖాళీగా ఉంటే పైన ఎంత గొప్ప అకాడమీ ఉన్నా పిల్లాడు దాని గేటు దాకా చేరడు.

సరిహద్దు వాళ్ళకి ఇంకో సంగతి ఉంది, పెద్ద ప్లాన్లలో ఇది ఎక్కడా రాయరు. ఇచ్ఛాపురం పిల్లాడికి బరంపురం పాతిక కిలోమీటర్లు. వైజాగ్ దానికి ఎన్నో రెట్లు దూరం. మా వైపు పిల్లలకి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. కానీ సెలక్షన్లు రాష్ట్రం ప్రకారం, హాస్టల్ సీట్లు రాష్ట్రం ప్రకారం. సిరొంచ పిల్లాడికి గోదావరి దాటితే తెలంగాణ, కానీ కాగితాల మీద అతని మైదానం ఎక్కడో మహారాష్ట్ర లోపల. జాతీయ క్రీడల పేరుతో జాతీయ డబ్బు పెడుతున్నప్పుడు, సరిహద్దు జిల్లాల హాస్టళ్ళలో కొన్ని సీట్లు పక్క రాష్ట్రం పిల్లలకి ఉంచమని అడగడం అత్యాశ కాదు. ఏ రాష్ట్రం తరఫున ఆడాలో తర్వాత తేల్చుకోవచ్చు, సాధనైతే దగ్గర్లో చేసుకోనివ్వాలి. సెలక్షన్ నోటీసులు తెలుగులో కూడా అంటించమనండి. ఒడియా చదవడం రాని అమ్మ ఆ నోటీసు ముందునుంచి నడిచి వెళ్ళిపోవడం నేను చూశాను. ఆమె కూతురు ఆ ఏడు తొమ్మిదో తరగతి. తర్వాతి ఏడు పిల్ల వయసు దాటింది.

రాత్రి ఎనిమిదయ్యేసరికి కుర్రాళ్ళ కాగితం తిరిగి తయారైంది. యాభై వేల సీట్లు పోయాయి. యాభై మంచాల హాస్టలు వచ్చింది. రెండు చెక్క వేదికలు, ఇద్దరు కోచ్‌లు, ఆడపిల్లల మరుగుదొడ్డికి లోపలివైపు గడియ. తాళంచెవులు రెండు: ఒకటి బడి హెడ్మాస్టరు దగ్గర, ఒకటి కోచ్ దగ్గర. పొద్దున్న ఐదు నుంచి రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండాలని వేళలు కూడా రాశారు. చివర వడ్డీ మీద నడిచే నిధి గురించి ఒక పేరా. దానికి మా చిన్నవాడు "మాన్యం" అని శీర్షిక పెడితే ఒడియాలో రాసేటప్పుడు ఏమంటారని కాసేపు తర్జనభర్జన పడ్డాం.

మీరూ ఇలాంటిది రాస్తే రెండు జిరాక్స్‌లు తీయించి, ఒకదాని మీద తేదీతో సహా ఆఫీసు స్టాంపు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. మంగళవారం వెళ్ళండి, సోమవారం రద్దీ ఎక్కువ.